హిల్యా అడుగుపెట్టని పైన్ తోపు

అమెరికాలో, సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఫిన్లాండు నుంచి వలస వచ్చినవాళ్ళ పల్లెల్లో, రాగి గనులు మూతపడ్డ చోట, టౌనో కాంగస్ అంత నిబ్బరంగా అబద్ధం చెప్పగలిగినవాడు ఇంకొకడు పుట్టలేదు. ఎండాకాలంలో పార్కు చూడవచ్చిన పట్నం జనం తలలు వెనక్కి వాల్చి, టోపీలు జారిపోయేదాకా పైన్ చెట్ల కొసలు వెతుక్కుని, "ఎన్నాళ్ళ చెట్లండీ ఇవి?" అని అడిగేవారు. టౌనో చీపురు పక్కన ఆనించి, ముక్కు తుడుచుకుని, "అన్నీ నేను నాటినవే. చిన్నప్పుడు చలికి వణుకుతుంటే జేబుల్లో పెట్టుకుని తిరిగేవాణ్ణి" అనేవాడు. ఆ చెట్లు అతని తాతకు తాత పుట్టకముందు నుంచీ అక్కడ ఉన్నాయి. అయినా వచ్చినవాళ్ళలో సగం మంది నమ్మేవారు. మిగతా సగం అతని జేబుల వైపు చూసేవారు.

నిజం చెప్పాలంటే ఆ తోపులో టౌనో ఒక్క మొక్క కూడా నాటలేదు. అతను చేసిందల్లా పీకడం.

ఆ పార్కులో మనుషుల చేతి పని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అదే కొండ నుంచి తెచ్చిన రాళ్ళతో కట్టిన పొయ్యిల సావడి ఉంది. వాగు మీద దుంగల వంతెన ఉంది. సరస్సులోకి దిగే మెట్లు, నాచు పట్టిన వైపు పైకి వచ్చేలా పేర్చినవి, అక్కడే మొలిచినట్టుంటాయి. అవన్నీ పనులు లేని రోజుల్లో, ఊరూరా మగపిల్లలు చేతులు ముడుచుకు కూచున్న కాలంలో, ప్రభుత్వం క్యాంపులు పెట్టి కట్టించినవే. జనం ఆ రాళ్ళను చేత్తో తట్టి, "ఆ రోజుల పనే పని" అంటారు. టౌనో ఉన్న గుంపు చేసిన పనిని మాత్రం ఎవరూ తట్టలేరు. వాళ్ళు కొన్ని పొదలను లేకుండా చేశారు. లేని పొదను ఎవరు చూస్తారు?

ఆ తోపును ఒక్క మనిషి కళ్ళారా చూడాలని టౌనో ఆశపడ్డాడు. ఆ మనిషి అతని తల్లి హిల్యా. తోపుకి అర మైలు దూరంలోనే ఆవిడ ఇల్లు. అయినా క్యాంపు రోజుల్లో ఒకనాటి పొద్దున జరిగిన సంగతి తర్వాత ఆవిడ ఆ చెట్ల కింద అడుగు పెట్టలేదు.

*

వాళ్ళ నాన్న గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు రాతిపొడితో నిండిపోయి, గని మూసేసిన మరుసటి శీతాకాలం పోయాడు. ఆ ఏడు మంచు ఎంత పడిందంటే, హిల్యా ఇంటి ఆవు కొట్టం పైకప్పు మీద నిలబడి పొగగొట్టంలోకి తొంగి చూసేదని టౌనో చెప్పేవాడు. ఆవు సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో తిండి తగ్గిపోయిన మాట మాత్రం నిజమే. ఇద్దరు చెల్లెళ్ళు, అమ్మ, తను. గనిలో తప్ప పని ఎరగని ఊరు. వసంతం రాగానే టౌనో క్యాంపులో చేరాడు. జీతంలో ముప్పాతిక వంతు పైగా అక్కణ్ణుంచి నేరుగా ఇంటికే వెళ్ళిపోయేది.

క్యాంపులో మొదటిరోజు అతనికి కొత్త బూట్లిచ్చారు. మూడు పూటలా తిండి, అందులో మాంసం. మొదటి రాత్రి పళ్ళెం ముందు కూచుంటే ఇంట్లో చెల్లెళ్ళు గుర్తొచ్చి ముద్ద దిగలేదట. రెండో రాత్రి దిగిందట. ఇంకో పళ్ళెం కూడా దిగిందట. మంచం దుప్పటి ముడత లేకుండా పరిచారా లేదా అని క్యాంపుని చూసుకునే లెఫ్టినెంటు రోజూ పొద్దున్నే, కాన్వెంటులో మదర్ గోళ్ళు చూసినట్టు, వరసగా చూసుకుంటూ వచ్చేవాడు. వంటవాడు పోసే అట్లు ఎంత గట్టివంటే, ఓసారి దారిలో లారీ టైరు పగిలితే ఒక అట్టు లోపల పెట్టి కట్టుకుని క్యాంపుకి చేరారని టౌనో ప్రమాణం చేసి చెప్పేవాడు. ఆ లారీ తర్వాత కూడా మూడేళ్ళు తిరిగిందట, ఆ అట్టు మీదే.

టౌనో గుంపుకి మేస్త్రీ ట్రెవారో. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన ముసలి గని కార్మికుడు. బతుకంతా భూమి కింద గడిపినవాడు కావడంతో పెద్ద చెట్టు కనబడితే నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు. మొదటిరోజు కుర్రాళ్ళను తోపు అంచున నిలబెట్టి పని చెప్పాడు.

"చూడండ్రా. ఈ పైన్ చెట్లకి తుప్పు తెగులని ఒకటి పట్టుకుంది. కొమ్మ మీద పసుప్పచ్చ పొక్కులు లేస్తాయి. అక్కణ్ణుంచి మానులోకి దిగి చెట్టు పీక పిసికేస్తుంది. కానీ దానికో పిచ్చి ఉంది. ఒక పైన్ చెట్టు నుంచి ఇంకో పైన్ చెట్టుకి తిన్నగా పోలేదు. ముందు గూస్‌బెర్రీ అనే ముళ్ళపొదలోకి పోవాలి, అక్కణ్ణుంచి మళ్ళీ చెట్టు మీదకి రావాలి. ఆ పొదలు పెళ్ళిళ్ళ పేరయ్యల్లాంటివన్నమాట. పేరయ్యని తీసేశామనుకోండి, పెళ్ళి ఆగిపోద్ది."

"మేస్త్రీ, మా ఊళ్ళో పేరయ్య లేకుండానే అయిపోతున్నాయి పెళ్ళిళ్ళు" అన్నాడొకడు.

"అందుకే నీ మొహం అలా ఉంది. పలుగు తీసుకో."

వాళ్ళు చేతులు చాచితే చేతులు తగిలేంత దూరంలో వరసగా నిలబడి అడవిలోకి నడిచేవారు. చివరివాడి చేతిలో తెల్లదారం ఉండ. వాడు దాన్ని విప్పుకుంటూ పోతే, ఎంతవరకు వెతికారో ఆ దారం చెబుతుంది. తిరిగి వచ్చేటప్పుడు దారానికి అవతల వైపు. బురద వచ్చినా వరస చెదరకూడదు, ముళ్ళకంప వచ్చినా చుట్టు తిరక్కూడదు. దోమలు మనిషిని కుట్టేముందు చొక్కా విప్పమని బతిమాలేవట. గూస్‌బెర్రీ పొద కనబడితే వేరుతో సహా లాగి, వేళ్ళు ఆకాశం వైపు ఉండేలా కొమ్మకి తగిలించాలి. ఒక్క పిలక మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. మర్నాడు ట్రెవారో వచ్చి చూసి, వదిలేసిన పొద కనబడితే వరస మొత్తాన్నీ మళ్ళీ నడిపించేవాడు.

అడవి గూస్‌బెర్రీ కన్నా తెగులుకి బాగా నచ్చే పొద మరొకటి ఉంది. అది అడవిలోది కాదు. ఫిన్లాండు వాళ్ళ పెరళ్ళలో పెరిగే నల్లహెరుకా.

*

మిరియాల కన్నా కాస్త పెద్దవి, నల్లటి పళ్ళు, గుత్తులు గుత్తులుగా కాస్తాయి. ఆకు నలిపితే పిల్లి తడిపిన వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చుకుంటారు. హిల్యా పెళ్ళి కాకముందు ఫిన్లాండులో ఓడ ఎక్కినప్పుడు, వాళ్ళమ్మ పెరటి పొద నుంచి ఒక పుల్ల కోసి, బంగాళాదుంపలో గుచ్చి, తడి మేజోడులో చుట్టి తెచ్చుకుంది. సముద్రంలో ఓడ ఊగినప్పుడు తనకన్నా ముందు ఆ దుంపే వాంతి చేసుకుందని చెప్పేది. ఆవిడ కొడుకు ఎవరి పోలికో తెలుస్తూనే ఉంది కదా.

ఆవిరి స్నానం చేసే సౌనా గది దక్షిణపు గోడ వెంబడి, ఎండ తగిలే చోట, ఆ పుల్ల మూడు పొదలయింది. చలికాలంలో ఎవరికి దగ్గు వచ్చినా, జ్వరం వచ్చినా ఆ పళ్ళ రసం వేడిచేసి ఇచ్చేవారు. భర్త ఆఖరి నెలల్లో ఏదీ లోపలికి పోనిచ్చేవాడు కాదు. రాతిపొడితో బిగుసుకుపోయిన గొంతులోకి ఆ రసం ఒక్కటే దిగేది. ఊళ్ళో పళ్ళు అయిపోతే, హిల్యా తన రసం సీసాలు లెక్కచూసుకుని ఇరుగుపొరుగుకి ఇవ్వడం మానేసింది. అంతకుముందెప్పుడూ అలా చేసిన మనిషి కాదు.

వేసవి నడుమలో, ఒక పొద్దున, తెల్లదారం పట్టుకున్న వరస హిల్యా కంచె దగ్గరికి వచ్చి ఆగింది.

ట్రెవారో టోపీ తీశాడు. "ఏరా, ఇది మీ ఇల్లే కదూ? మీ అమ్మతో నువ్వే చెప్పు. నాకు మీ భాషలో కాఫీ అనడం తప్ప ఇంకేం రాదు."

హిల్యా బకెట్టు దించి నిలబడింది. కొడుకు బూట్ల వైపు చూసింది, పలుగు వైపు చూసింది.

"అమ్మా, హెరుకా పొదలు తీసెయ్యాలంట."

"ఎవరంట?"

"గవర్నమెంటు."

"గవర్నమెంటుకి దగ్గొస్తే ఏం తాగుతుందంట?"

వరసలో ఫిన్లాండు కుర్రాళ్ళు నలుగురైదుగురు కిసుక్కుమన్నారు. ట్రెవారో వాళ్ళ వైపు చూడగానే ఆగిపోయారు.

"చెట్లకి తెగులు వస్తుందమ్మా. ఇక్కణ్ణుంచే వెళుతుంది, ఆ తోపంతా చచ్చిపోతుంది."

"ఆ చెట్లు నీకేమవుతాయిరా, మేనత్తలా?"

టౌనో పలుగు నేలకి ఆనించి, "నేను తియ్యకపోతే వీళ్ళు తీసేస్తారమ్మా" అన్నాడు.

హిల్యా వరసలో ఉన్నవాళ్ళను ఒక చివర నుంచి ఇంకో చివరికి చూసింది. అందరివీ కొత్త బూట్లే. అందరి బుగ్గలూ కాస్త నిండాయి.

"అయితే నువ్వే తియ్యి" అంది. "వేరు ఎందాకా పోయిందో నీకు తెలుసు. వీళ్ళయితే గోడ పడేస్తారు."

లోపలికి వెళ్ళిపోయింది.

టౌనో తవ్వాడు. కాయలు ఇంకా ఆకుపచ్చగా ఉన్నాయి. వేళ్ళు సౌనా గోడ పునాది రాళ్ళ కిందికి పోయాయి. ఒక్కొక్క రాయి తీసి, వేరు లాగి, రాయి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఎవరూ సాయానికి రాలేదు, రావద్దని కూడా ఎవరూ అనలేదు. పని అయ్యేసరికి పెరడంతా ఆ ఆకు వాసన.

అప్పుడు హిల్యా పెద్ద కాఫీ కెటిలు పట్టుకుని బయటికొచ్చింది. ఆ ఊళ్ళో గడప దాకా వచ్చినవాణ్ణి కాఫీ ఇవ్వకుండా పంపరు. వాడు అప్పులవాడైనా సరే, పాస్టరైనా సరే. కప్పులు చాలక గిన్నెల్లో పోసింది, గిన్నెలు చాలక పాలచెంబులో పోసింది. ట్రెవారోకి సాసరుతో ఇచ్చింది. వరస మొత్తానికీ, ఒక్కణ్ణీ వదలకుండా ఇచ్చింది. టౌనో ముందు నుంచి మాత్రం ఖాళీ చేత్తో నడుచుకుంటూ పోయింది.

ట్రెవారో తన కప్పు టౌనో వైపు చాచాడు. టౌనో తల అడ్డంగా ఊపాడు.

ఆదివారం సెలవు మీద ఇంటికొస్తే అమ్మ ఏమీ జరగనట్టు కాఫీ పోసింది, రొట్టె కోసింది. పొదల మాట ఎత్తలేదు. అది టౌనోకి ఆ పొద్దుటి కన్నా కష్టంగా ఉంది. మరో సంగతి తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. చర్చికి దారి తోపులోంచే. హిల్యా ఆ దారి మానేసి, సరస్సు ఒడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎండలోనే కాదు, మంచులోనూ. ఒకసారి గాలివానలో తడిసి ముద్దయి చర్చిలోకి వచ్చి, మొదటి బల్ల మీద కూచుని, కీర్తన అయ్యేదాకా నీళ్ళు కార్చుకుంటూనే ఉంది.

*

క్యాంపులు ఎత్తేశారు. యుద్ధం వచ్చింది. టౌనో వెళ్ళాడు, వచ్చాడు. ఆ సంగతులు అతను ఎవరికీ చెప్పలేదు, వాటి మీద అబద్ధాలు కూడా చెప్పలేదు. తిరిగొచ్చాక పార్కులో ఉద్యోగం దొరికింది. బల్లలకు రంగు వెయ్యడం, సావడి పైకప్పు మీద పలకలు మార్చడం, చెత్త ఊడ్చడం. వసంతంలో అతను చేసే పని మాత్రం ఎవరూ పురమాయించనిది. ఒక్కొక్క పైన్ చెట్టు దగ్గరా ఆగి కొమ్మల మీద పసుపు పొక్కుల కోసం చూసేవాడు. తెగులు కొమ్మలోనే ఉంటే కొమ్మ కోసేసేవాడు. పాత చోట్ల పిలక లేచిందేమోనని పొదల్లో పాక్కుంటూ తిరిగేవాడు. ఎల్వీ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ నెమ్మదస్తురాలు. మొగుడు మోకాళ్ళకి బురదతో ఇంటికొస్తే, "ఇంక మీ అమ్మ వచ్చి చూస్తుందా ఏం?" అనేది. అతను గుమ్మంలో కూచుని బురద గీరుకునేవాడు.

చూస్తుందనే అతని ఆశ. పెద్ద ఆశేం కాదు. ఒక్కసారి ఆవిణ్ణి తీసుకొచ్చి, ఆ మానుల మధ్య నిలబెట్టి, "చూడమ్మా, ఊరికే పోలేదు" అనాలి. ఆ ఒక్క మాట ఏళ్ళ తరబడి నోట్లో పెట్టుకుని తిరిగాడు.

"అమ్మా, ఇవాళ ఎండ బాగుంది. తోపు దాకా వెళ్ళొద్దామా?"

"చెట్లు నాకు కొత్తా? మా ఊళ్ళో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలంటే చెట్లు పక్కకి తొయ్యాలి."

"అంత పెద్దవి అక్కడ ఉండవమ్మా."

"పెద్దవాటిని ఏం చూస్తాం, మెడనొప్పి."

అలా ఏటేటా. టౌనో జుట్టు తెల్లబడింది. హిల్యా ఎనభై దాటింది, నడుం వంగింది, కానీ సరస్సు ఒడ్డు దారి వదల్లేదు.

*

ఒక ఏడాది వేసవిలో పార్కు సావడి గోడకి ఇత్తడి పలక బిగించాలని నిర్ణయించారు. క్యాంపులో పనిచేసినవాళ్ళ పేర ఒక సభ, ఒక పలక. ఆ పని హాస్ అనే కుర్ర అధికారికి అప్పగించారు. అటవీశాస్త్రం చదివి వచ్చాడు, మర్యాద తెలిసినవాడు. కాగితం పెన్సిలు పట్టుకుని కట్టెల పాక దగ్గరికి వచ్చాడు.

"టౌనో గారూ, సావడి రాశాను, వంతెన రాశాను, మెట్లు రాశాను. మీ గుంపు ఏం కట్టింది?"

"మేమేం కట్టలేదు బాబూ. మేం పీకాం. గూస్‌బెర్రీ పొదలు, హెరుకా పొదలు. అది రాయి. తోపు నిలబడింది దానివల్లే కదా."

హాస్ పెన్సిలు కాగితం మీద ఆనించాడు గాని రాయలేదు.

"ఏం బాబూ? అంత చిన్న మాటకి పలక చాలదా?"

"అది కాదండి." హాస్ కట్టె మొద్దు మీద కూచున్నాడు. "మీకు ఎవరూ చెప్పలేదా? పొదలు పీకే పని ఈ ఏడాది నుంచి అంతటా ఆపేస్తున్నారు. పొదలు పీకిన చోటా, పీకని చోటా చెట్లు ఎలా ఉన్నాయో ఇన్నేళ్ళూ చూస్తూ వచ్చారు. కొన్నిచోట్ల మేలు జరిగింది. ఈ చుట్టుపక్కల మాత్రం తేడా పెద్దగా కనబడలేదండి. ఇక్కడి వేసవి తెగులుకి అంత అనుకూలం కాదు. పొదలు ఉన్నా ఈ తోపు దాదాపు ఇలాగే ఉండేదేమో."

"ఏమో అంటున్నావు."

"ఖాయంగా ఎవరూ చెప్పలేరు. కానీ అబద్ధం పలక మీద రాయలేను కదండీ. సభలో కూడా ఈ మాట చెప్పాలి. మీకు ముందే తెలియాలని..."

టౌనో గొడ్డలి తీసుకుని ఒక కట్టె చీల్చాడు. ఇంకొకటి చీల్చాడు. తల ఎత్తకుండానే, "మంచిది బాబూ. ముందే చెప్పావు" అన్నాడు.

ఆ వారం పార్కుకి వచ్చిన పట్నం జనం చెట్ల వయసు అడిగితే, "నాకు తెలియదండీ" అని ఊడ్చుకుంటూ పోయాడు.

సభలో సగం ఊరు ఉంటుంది. అక్కడ హాస్ నోట వచ్చిన మాట సాయంత్రానికల్లా హిల్యా వంటగదికి చేరుతుంది, ఎవరి నోట్లోంచో, ఎలాంటి రూపంలోనో. ముందు తనే చెప్పాలి. చెప్పకుండా ఉండాలన్నా దారి ఉంది. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎవరేం చెప్పినా, "వాళ్ళకేం తెలుసమ్మా, మా పని వల్లే చెట్లు బతికాయని పెద్ద పెద్దవాళ్ళు తేల్చారు" అని ఓ కథ అల్లితే చాలు. ఊళ్ళో అతనికన్నా బాగా అల్లగలవాడు లేడు. ఆ కథ అతను అల్లాడు కూడా. ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఎక్కడా దారం పైకి తేలకుండా.

*

శనివారం సాయంత్రం అమ్మ కోసం సౌనా వేడిచేశాడు. స్నానమయ్యాక హిల్యా తలకి రుమాలు చుట్టుకుని, ఎర్రబడ్డ మొహంతో, మెట్టు మీద గాలికి కూచుంది. టౌనో కింద మెట్టు మీద కూచున్నాడు.

నోరు తెరిచాడు. కథంతా సిద్ధంగానే ఉంది. కానీ ఊరందరికీ చెప్పగలిగినవాడికి ఆవిడ ముందు మొదటి ముక్క కూడా బయటికి రాలేదు. వచ్చింది మరొకటి.

"అమ్మా, ఆ పొదలు అనవసరంగా పీకానంట."

"ఏ పొదలు?"

"నీ హెరుకా పొదలు. ఇప్పుడు తేల్చారంట. అవి పీకినా పీకకపోయినా ఇక్కడ చెట్లకి పెద్ద తేడా లేదంట."

హిల్యా రుమాలు కొసతో మొహం తుడుచుకుంది. వేడి గోడ నుంచి ఆవిరి వాసన వస్తోంది.

"నా పొద ఉన్నా ఆ చెట్లు ఇలాగే ఉండేవా?"

"ఇంచుమించు ఇలాగే ఉండేవంట. ఖాయంగా చెప్పలేం అంటున్నారు. నేను నీకు చెబుదామనుకున్నానమ్మా, ఊరికే పోలేదని. అది చెప్పడానికే ఇన్నాళ్ళూ నిన్ను రమ్మన్నాను. ఇప్పుడు చెప్పడానికి ఏం లేదు."

ఆవిడ ఒకప్పుడు పొదలున్న గోడ వైపు చూసి అంది: "అయితే అవి తినలేదన్నమాట."

"ఏవి?"

"చెట్లు రా. మీ నాన్న గొంతులో దిగిన రసం ఆ పొదది. దాన్ని చంపితేనే అవి బతుకుతాయని నువ్వే చెప్పావు. అది మింగి నిక్కి నిలబడ్డాయి కదా అని ఇన్నేళ్ళూ వాటి మొహం చూడలేదు. పాపం, వాటికి సంబంధమే లేదా?"

టౌనో వెనక్కి తిరిగి చూశాడు. "కోపం నా మీద కాదా?"

"నీ మీద ఎందుకురా? పద్దెనిమిదేళ్ళవాడివి, బుగ్గలు పీక్కుపోయి వెళ్ళి మనిషి రూపం తెచ్చుకుని వచ్చావు. కాదంటే ఆ తిండి పోయేది, చెల్లెళ్ళ తిండీ పోయేది. నాకు తెలియదా? నీ మీద కోపం ఆ సాయంత్రానికే పోయింది."

"మరి ఒక్కసారైనా చెప్పొచ్చు కదమ్మా!"

"నువ్వు అడిగావా? చెట్లు చూద్దాం రా, చెట్లు చూద్దాం రా అని ప్రాణం తీశావు గాని, ఎందుకు రావని అడిగావా ఎప్పుడైనా?"

అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

"ఆ ఇత్తడి పలక మీద మీ గురించి ఏం రాస్తారంట?" అంది హిల్యా.

"ఏం రాయాలో తేలలేదు."

"ఏం రాయించకు. చెప్పిన పని చేశారు, అన్నం తిన్నారు, ఇళ్ళకి డబ్బు పంపారు. దానికి రేకెందుకు? రేపు చర్చికి ఆ దారినే పోదాం. పెందలాడే రా. నేను నెమ్మదిగా నడుస్తాను."

*

పొద్దున్నే వచ్చాడు. హిల్యా నల్ల శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కంచె దాటి, పొలం దాటి, చేతికర్ర మీద బరువు వేసుకుంటూ నడిచింది. మొదటి చెట్టు నీడ దారి మీద అడ్డంగా పడి ఉన్న చోట ఆగింది. టౌనో కూడా ఆగాడు. ఆవిడ కర్రతో ఆ నీడను ఒకసారి తాకి, లోపలికి అడుగు వేసింది.

లోపల నేల ఆకుసూదులతో మెత్తగా ఉంది. అడుగుల చప్పుడు లేదు. పైన ఎక్కడో గాలి వీస్తోంది గాని కింద ఆకు కదలడం లేదు. హిల్యా పెద్దదొకదాని ముందు నిలబడి, ఆవు డొక్క మీద చెయ్యి వేసినట్టు బెరడు మీద అరచెయ్యి వేసింది.

"లావుగానే ఉన్నావు" అంది దానితో.

తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఇందులో జబ్బు చేసింది లేదా?"

"ఉందమ్మా, అటు పక్క ఒకటి. పైకొమ్మలు ఎండిపోయాయి. మానులోకి దిగిపోయింది, నేను పట్టుకోలేకపోయాను."

"చూపించు."

చూపించాడు. తల ఎండి, మాను మీద ఒక వైపు గాయం నోరు తెరుచుకుని, బంక తెల్లటి చారలుగా నేల దాకా కారిన చెట్టు. హిల్యా దాని చుట్టూ తిరిగింది.

"నరికేస్తారా?"

"లేదమ్మా. దానంతట అది పడేదాకా ఉంచుతాం."

చర్చి గంట వినబడింది. హిల్యా కదల్లేదు. కర్ర పక్కన పెట్టి, చెయ్యి చాచింది. టౌనో పట్టుకుంటే నెమ్మదిగా చెట్టు వేళ్ళ మధ్య కూచుని, వెనక్కి జరిగి, ఆ చెట్టుకే వీపు ఆనించింది. టౌనో ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. అప్పుడు అతను చూశాడు, గాయం నుంచి కారిన బంక శాలువాకి అంటుకుంటోంది.

"అమ్మా, బంక."

"తెలుసు" అంది హిల్యా, అలాగే ఆనుకుని.